అగత్తి నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు ఎంతసేపు

ఇది జరిగింది ఒక శనివారం, మధ్యాహ్నం రెండు గంటల నలభై నిమిషాలకు. మా ప్యాకింగ్ గదిలో గోడ గడియారం ఉండేది. దాన్ని చూసిన గుర్తుతోనే చెప్తున్నాను. సరిగ్గా ఆ నిమిషానికి నేను నా జీవితంలో మొదటిసారి నలుగురి ముందు నిలబడి కాగితం చదివాను. అప్పటికి నాకు యాభై నాలుగేళ్ళు. ఒక్క అక్షరం కూడా తడబడలేదు. అయినా నేను చెప్పింది తప్పు.

ఏడేళ్ళుగా ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. అడిగినవాళ్ళూ లేరు. పోయిన నెల ఇస్నాపూర్ చర్చిలో, నాతో పని చేసి చనిపోయిన ఆమె జ్ఞాపకార్థ కూడిక పెడితే వెళ్ళాను. పాస్టరయ్య ప్రార్థన అయ్యాక ఆమె బిడ్డ మైకు పట్టుకుంది.

"మా అమ్మ ఎప్పుడు గాని ఒక ముచ్చట చెప్తుండె. దీవులకు పోయే మందు డబ్బ ఖరాబు కాకుంట కాపాడింది సత్తెమ్మ పెద్దమ్మనే అని. పెద్దమ్మ ఇక్కడనే ఉన్నది," అని నన్ను చూపించింది.

అందరూ నా వైపు తిరిగారు. చప్పట్లు కొట్టారు. నేను లేచి దండం పెట్టి మళ్ళీ కూర్చున్నాను. అక్కడ నోరు తెరవాల్సింది, తెరవలేదు. బిర్యానీ తిని ఇంటికి వచ్చాను. అది అరగలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆమె పేరు సమాధి రాయి మీద పెద్ద పెద్ద అక్షరాలతో చెక్కించారు. ఇక్కడ మళ్ళీ రాయడం నాకు ఇష్టం లేదు. కుళ్ళు అనుకోండి. కుళ్ళే. నాకు అక్షరాలు వచ్చింది కూడా ఆ కుళ్ళుతోనే.

మేమిద్దరం పటాన్‌చెరు దగ్గర ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేసేవాళ్ళం. నాది లక్డారం. పొలం పోయాక కంపెనీ బస్సు ఎక్కాను. ఆమెది ఇస్నాపూర్‌లో కిరాయి గది. వాళ్ళ నాయన చర్చి బడిలో పంతులు. ఆమె ఏడో తరగతి దాకా చదివింది. నాకన్నా రెండేళ్ళు చిన్నది కాబట్టి నన్ను అక్కా అనేది. ఆ పిలుపులో ఏ వంకరా ఉండేది కాదు. ఉంటే బాగుండేది. తిట్టడానికి నాకో కారణం దొరికేది.

మా పని చల్లగా ఉండాల్సిన మందులతో. అవి వేడెక్కితే చెడిపోతాయి. గడ్డకట్టినా చెడిపోతాయి. థర్మాకోల్ డబ్బాలో మందు సీసాలు పెట్టి చుట్టూ ఐస్ ప్యాకులు పేర్చాలి. ఫ్రీజర్‌లోంచి తీసిన ఐస్ ప్యాకును అప్పటికప్పుడు పెడితే దాని పక్కన ఉన్న సీసా గడ్డకడుతుంది. అందుకని ప్యాకును బల్ల మీద కాసేపు ఉంచాలి. లోపల కొంచెం కరిగి, ఊపితే నీళ్ళ చప్పుడు రావాలి. అప్పుడే డబ్బాలో పెట్టాలి.

ఆ చప్పుడు ఆమె చెవికి వినిపించినట్టు మా ఎవరి చెవికీ వినిపించేది కాదు. ప్యాకును రెండు చేతులతో పట్టుకుని ఎడమ చెవి దగ్గర పెట్టుకునేది. కళ్ళు మూసుకునేది. చూపుడు వేలు లేపేది. ఆ వేలు లేచిందంటే గదిలో పన్నెండు మంది ఆడవాళ్ళం నోళ్ళు మూసుకోవాలి. కిందికి పైకి ఒకసారి ఊపేది.

"ఇంకా పండుకున్నది," అని బల్ల మీద పెట్టేసేది. లేదా, "ఆ, లేసింది. ఇగ పెట్టున్రి," అనేది.

ఆ వేలు చూస్తే నాకు ఒళ్ళు మండేది. నేనూ ఎన్నోసార్లు ఊపి చూశాను. నాకు చల్లగది మోటారు గురగుర తప్ప మరేమీ వినిపించేది కాదు. అయినా, "లేసింది," అనేదాన్ని. ఆమె నా చేతిలోంచి ప్యాకు తీసుకుని, చెవి దగ్గర పెట్టుకుని, "జెర ఆగుదమక్కా," అనేది. తప్పు అని ఏనాడూ అనలేదు.

ఆమెకు ఇంకో పిచ్చి ఉండేది. పిల్లలు బడికి తీసుకుపోయే పటాల పుస్తకం ఒకటి, అట్ట ఊడిపోయింది, క్యాలెండర్ కాగితంతో అట్ట వేసి టిఫిన్ సంచిలో పెట్టుకొచ్చేది. గోనెసంచులు కుట్టే తెల్ల దారం ఒక మూర తెంచుకుని దానికి ముళ్ళు వేసుకుంది. ఒక ముడి నుంచి ఇంకో ముడికి విమానం గంట ప్రయాణం. మా డబ్బాలు ఏ ఊరికి పోతుంటే ఆ ఊరి మీద దారం పెట్టి కొలిచేది. పెద్ద ఊళ్ళ మీద ఆమెకు ఆశ లేదు. ఢిల్లీ, ముంబయి అంటే మొహం కూడా తిప్పేది కాదు. సముద్రంలో చుక్కంత ఉండే దీవులంటేనే ప్రాణం. ఆ చుక్క మీద విమానాశ్రయం గుర్తు ఉంటే ఇంకా ఇష్టం.

"గింత చుక్క మీద విమానం ఎట్ల దిగుతది అక్కా? చక్రం జెర పక్కకు పోతె సముద్రమే," అని నన్నడిగేది. నేనేమైనా విమానం నడిపేదాన్నా?

బువ్వ తినేటప్పుడు కూడా అదే. కంచంలో నడుమ అన్నం కుప్ప చేసేది. చుట్టూ పప్పు పోసేది. జొన్నరొట్టె రెండు తునకలు తుంచి ఎడమ పక్క ఒకటి, కుడి పక్క ఒకటి పప్పులో పెట్టేది.

"ఇది మన దేశం. ఇది అగత్తి. ఇది పోర్ట్ బ్లెయిర్. ఇద్దరు ఒకలనొకలు సూసుకోలేరు. నడుమల దేశం అడ్డమున్నది."

"తిను ముందు. దేశం సల్లారిపోతున్నది," అనేది బాలమణి. మా గదిలో నోరున్న మనిషి ఆమె. ఇంతలో రొట్టె తునక నోట్లో పడగానే, "అగో, అగత్తిని మింగింది! ఆడి మందికి మందు డబ్బ ఎట్ల పంపుదుమే ఇగ?" అని అరిచేది.

అందరూ నవ్వేవాళ్ళు. ఆమె కూడా నోట్లో అగత్తిని పెట్టుకుని నవ్వేది. అందరూ ఆమె చుట్టే కూర్చునేవాళ్ళు. నా వంకాయ కూర ఎంత బాగున్నా, గిన్నె ముందుకు జరిపితే తీసుకుని మళ్ళీ ఆమె కంచంలోకే చూసేవాళ్ళు.

డబ్బాలు శంషాబాద్ విమానాశ్రయానికి తీసుకుపోయే వ్యాను డ్రైవర్ ఖాజా ఒక్కడే ఆమెతో వాదించేవాడు. "ఆపా, నీ దారం మీద ట్రాఫిక్ ఉండది. ముత్తంగి కాడ లారీల ఎన్కల నిలబడి సూడు, అప్పుడు తెలుస్తది గంటంటె ఏందో," అన్నాడు ఒకరోజు.

ఆ మాట ఆమె మనసులో పెట్టుకుంది. ఆ తర్వాత నుంచి ఖాజా పారేసే కార్గో చీటీలు అడిగి తీసుకునేది. డబ్బా ఎప్పుడు ఎక్కింది, ఎక్కడ ఆగింది, ఎప్పుడు దిగింది వాటి మీద ఉండేది. చీటీ ఒక చేత, దారం ఒక చేత పట్టుకుని కూర్చునేది. "దారం గంట వేరు, డబ్బ గంట వేరు," అనడం మొదలుపెట్టింది. అది విని మా గదిలో అందరూ పట్టుకున్నారు. బస్సు ఆలస్యమైనా అదే మాట, మొగుడు ఇంటికి ఆలస్యంగా వచ్చినా అదే మాట. నేను మాత్రం ఆ మాట నోటితో అనలేదు.

డబ్బాల మీద అంటించే, తెలుగు కూడా ఉన్న లేబుళ్ళు వచ్చినప్పుడల్లా చదివిపెట్టేది ఆమె. చదువు రానివాళ్ళం ఐదారుగురం ఉండేవాళ్ళం. "సత్తెమ్మక్కా, గిది పైకి ఉండాలె. గిది పక్కకు," అని ఒక్కొక్కటి నా చేతిలో పెట్టేది. ఆ చెప్పడంలో గొప్ప ఉండేది కాదు. ఉప్పు అందించినట్టు అందించేది. ఒకరోజు బస్సులో నా పక్కన కూర్చుని, "అక్కా, రోజు బువ్వ తిన్నంక పది నిమిషాలు కూసుందమా? నీకు అక్షరాలు చెప్త. నెల పట్టది," అంది.

"నాకేం పనిలేదా?" అన్నాను.

ఆ సాయంత్రమే ఇంటికి పోయి మా కోడలితో, "నాకు అక్షరాలు దిద్దియ్యి," అని చెప్పాను. కోడలు నవ్వలేదు, మంచిది. కోడలి ముందు పలక పట్టుకోవడం నాకు చిన్నతనం అనిపించలేదు. ఆమె ముందైతే చచ్చినా పట్టుకునేదాన్ని కాదు. ఏడాది పట్టింది. నేను సొంతంగా కూడబలుక్కుని చదివిన మొదటి వాక్యం ఇస్నాపూర్‌లో ఒక గోడ మీది 'ఇచ్చట చెత్త వేయరాదు'. ఆ రోజంతా నాకు పండగ. కంపెనీలో ఒక్కరికీ చెప్పలేదు. లేబుళ్ళు చదవగలిగి కూడా చేయి చాపి ఆమెను అడుగుతూనే ఉన్నాను. ఆమె నలుగురిలో తెల్లబోయే రోజు ఒకటి రావాలి, ఆ రోజు నేను చదవాలి, అని చూస్తున్నాను.

అప్పుడే మా గదికి లీడర్‌గా ఉన్న మనిషి పని మానేసింది. మా అందరివీ తెల్ల కోట్లు. లీడర్‌ది నీలం కోటు. నీలం కోటుకు కూర్చోవడానికి స్టూలు ఉంటుంది, సంతకం పెట్టే పని ఉంటుంది. ఒకటో తారీఖుకు ఎవరికో ఒకరికి ఇస్తామని సూపర్‌వైజర్ ప్రవీణ్ సారు చెప్పాడు. ఎవరికి వస్తుందో గదిలో అందరికీ తెలుసు. నాకూ తెలుసు. నేను ఇస్మాయిల్‌ఖాన్‌పేట పోయి భవానీ అమ్మవారికి ఒడిబియ్యం పోస్తానని మొక్కుకున్నాను, అది నాకు రావాలని. నాకు రాకున్నా సరే, ఆమెకు మాత్రం రాకూడదని కూడా మొక్కుకున్నాను. రెండూ చెప్పాను అమ్మవారికి.

ఆ వారమే డాక్టర్ల బృందం పని వచ్చింది. వాళ్ళు రెండు దీవుల్లో వైద్య శిబిరాలు పెడుతున్నారు. ముందు పడమటి సముద్రంలో ఉన్న అగత్తి. అక్కడ సగం మందు వాడి, మిగిలిన సగం పట్టుకుని తూర్పు సముద్రంలో ఉన్న పోర్ట్ బ్లెయిర్ పోతారు. ఒకటే డబ్బా. అగత్తి ఆస్పత్రి ఫ్రీజర్‌లో ఐస్ ప్యాకులు మళ్ళీ గడ్డకట్టించుకుంటారు. అక్కడ నుంచి పోర్ట్ బ్లెయిర్ చేరేదాకా ఆ డబ్బా చల్లదనం ఆపాలి. శుక్రవారం మాకు ఇంతే చెప్పారు. శనివారం నాలుగు గంటలకు వ్యాను.

మా దగ్గర రెండు రకాల డబ్బాలు. చిన్నది ఒక రోజు ఆపుతుంది. దళసరి గోడల పెద్ద డబ్బా మూడు రోజులు ఆపుతుంది, కానీ బరువు. అగత్తి పోయే విమానం చిన్నదట, బరువు ఎక్కువైతే ఎక్కించుకోరట. అందుకని డాక్టర్లు కుదిరితే చిన్న డబ్బానే ఇవ్వమన్నారు.

శుక్రవారం సాయంత్రం ఇంట్లో ఫోన్ తీశాను. కోడలు దాన్ని తెలుగులో పెట్టి ఇచ్చింది. అగత్తి నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు విమానంలో ఎంతసేపు అని ఫోన్‌ను నోటితో అడిగాను. ఒక పేజీ తెరుచుకుంది. పైన పెద్ద అక్షరాలు. దూరం రెండు వేల రెండు వందల నలభై కిలోమీటర్లు. ప్రయాణ సమయం మూడు గంటల పదిహేను నిమిషాలు. పాత లేబులు వెనక వైపు దాన్ని దిద్దినట్టు రాసుకున్నాను. పావుగంట పట్టింది. కింద ఇంకా ఏవో చిన్న అక్షరాలు ఉన్నాయి. చిన్న అక్షరాలంటే నాకు అప్పటికి భయం. వదిలేశాను. పెద్ద అక్షరాల్లో ఉన్నదే అసలు సంగతి అనుకున్నాను.

శనివారం రెండున్నరకు ప్రవీణ్ సారు వచ్చాడు. బల్ల మీద రెండు డబ్బాలూ ఉన్నాయి.

"అగత్తి దాక ఒక రోజు లోపలనే. దానికి చిన్నది చాలు. అక్కడ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు ఎంతసేపు పడతది? ఎవరికన్న తెలుసా?"

అందరూ ఆమె వైపు చూశారు. ఆమె దారం కూడా తీయలేదు.

"రెండు దినాలు సారూ. పెద్ద డబ్బ పెడదం," అంది.

"మూడు గంటల పదిహేను నిమిషాలు," అన్నాను నేను.

కోటు జేబులోంచి కాగితం తీశాను. గడియారం చూశాను. చదివాను. దూరం చదివాను, సమయం చదివాను. విమానాశ్రయం అన్న పొడుగు మాట కూడా విరగకుండా చదివాను. ఈసారి నోళ్ళు మూయించింది ఆమె వేలు కాదు.

"ఓ యమ్మా, సత్తెమ్మక్క సదువుతున్నదే!" అని బాలమణి చప్పట్లు కొట్టింది. తక్కినవాళ్ళూ కొట్టారు.

ప్రవీణ్ సారు కాగితం తీసుకుని చూశాడు. "నువ్వే రాసినవా సత్తెమ్మా? ఎప్పుడు నేర్సుకున్నవ్?"

ఆమె కూడా వచ్చి సారు భుజం పక్క నుంచి చూసింది. మొహం తెల్లబోలేదు. వెలిగింది. "అక్కా, ఎంత ముద్దుగ రాసినవే. నాకొక్క మాటన్న చెప్పకపోతివి," అంది. కాసేపు చూసి, మెల్లగా, "కని అక్కా, ఆ దారిల విమానం తిరగది," అంది.

"నీ దారం మీద తిరుగుతదా మరి?" అన్నాను.

అందరూ పగలబడి నవ్వారు. అన్నేళ్ళలో నా మాటకు అంత నవ్వు ఎప్పుడూ రాలేదు. ఆమె కూడా నవ్వి ఊరుకుంది. సారు నా కాగితం తన ఫైలులో పెట్టుకుని, "చిన్న డబ్బ కానియ్యిన్రి," అని వెళ్ళిపోయాడు. ఆమె ఐస్ ప్యాకు తీసుకుని చెవి దగ్గర పెట్టుకుంది.

మూడు గంటలకు టీ. నేను బట్టలు మార్చుకునే గదికి పోయి నా అల్మారాలోంచి ఫోన్ తీశాను. ఎందుకంటే, నా గెలుపు ఇంకోసారి చూసుకోవడానికి. పేజీ అట్లాగే ఉంది. పెద్ద అక్షరాలు రెండుసార్లు చదివాను. తీపి పోలేదు. అదే ధైర్యంతో చిన్న అక్షరాల్లోకి దిగాను. 'ఈ రెండు విమానాశ్రయాల మధ్య నేరుగా విమానాలు లేవు. పై సమయం సరళ రేఖ దూరాన్ని బట్టి వేసిన అంచనా మాత్రమే' అని ఉంది.

మూడుసార్లు చదివాను. రాసి ఉందంటే ఉన్నట్టే అనుకున్నాను నేను. లేని విమానానికి గంటలూ నిమిషాలూ లెక్కగట్టి ఎవరైనా రాస్తారా? చిన్నప్పటి నుంచి చదువుకున్నవాళ్ళకు తెలుసేమో, అట్లా కూడా రాస్తారని. నాకు తెలియదు.

బల్ల మీద కూర్చున్నాను. వెంటనే లేచి పోయానని రాయగలను, ఎవరూ చూడలేదు. కానీ ఇరవై నిమిషాలు లేవలేదు. నీలం కోటు కనిపించింది. ఇప్పుడే నవ్విన ఆడవాళ్ళు కనిపించారు. ఎక్కడో దీవిలో ఎవరికో సూది వేస్తారు, మందు చెడిందో లేదో ఎవరికి తెలుస్తుంది అని కూడా అనుకున్నాను. ఈ మాట రాయడానికి నా చేయి రావడం లేదు, అయినా రాశాను.

మళ్ళీ ఎందుకు లేచానో అది కూడా చెప్తాను. ఆ మందు చెడిపోయిందని కబురు వస్తే అందరూ ఏమంటారు? ఆమె ముందే చెప్పింది అంటారు. రెండు సముద్రాల అవతల నుంచి వచ్చి ఆమె మాట గెలుస్తుంది. అది ఓర్వలేక లేచాను. దీవి మనుషుల మీద దయతో కాదు.

లోడింగ్ దగ్గరికి ఉరికాను. వ్యాను అక్కడే ఉంది, ఇంజన్ ఆపి ఉంది. ఖాజా బీడీ తాగుతున్నాడు. నన్ను చూసి, "సత్తెమ్మాపా, జెర ఈమెకు చెప్పు. గేట్ పాస్ ఇస్తలేదు. నాకు లేటైతున్నది," అన్నాడు.

ఆమె పెద్ద డబ్బా మీద కూర్చుని ఉంది. అది ప్యాక్ చేసి టేపు వేసి ఉంది. దాని పక్కన చిన్న డబ్బా ఖాళీగా ఉంది. గేట్ పాస్ ఆమె చేతిలో ఉంది.

"వచ్చినవా అక్కా," అంది.

"ఏం చేస్తున్నవ్ ఇక్కడ?"

"ఏం లేదు. కూసున్న."

"చిన్న డబ్బ అన్నడు కద సారు. పెద్దదాంట్ల ఎందుకు పెట్టినవ్?"

"నువ్వస్తవని."

"రాకుంటె?"

ఆమె గేట్ పాస్ మడత పెట్టింది, విప్పింది. "నాలుగింటి దాక సూద్దమనుకున్న. నువ్వు రాకుంటె నేనే పోయి సారుకు చెప్తుంటి. కని నువ్వే చెప్తె బాగుంటది కద అని కూసున్న."

"అప్పుడే ఎందుకు కొట్లాడలే మరి? గంత గట్టిగ తెలిసినప్పుడు?"

"ఎట్ల కొట్లాడుదునక్కా? ఎన్నడు లేంది నలుగుర్ల కాయితం పట్టుకొని నిలబడితివి. నా చేతులతోని ఎట్ల చింపుదు?"

నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఆమె మనసు అంత పెద్దది ఎందుకు కావాలి, అది కూడా నాకన్నా పెద్దది ఎందుకు కావాలి అని కోపం. "రెండు దినాలని నీకెట్ల తెలుసు?" అని గదమాయించాను.

"ఖాజా చీటీలల్ల ఉన్నది. అగత్తి నుంచి దినాం ఒక్కటే చిన్న విమానం, కొచ్చికి. ఆడ దిగేసరికి తక్కిన విమానాలు పోతయి. రాత్రి ఆన్నే. తెల్లారి మద్రాసు. పోర్ట్ బ్లెయిర్ విమానాలేమో పొద్దుగాలనే, మజ్జాన్నం దాటితే ఉండయి. మల్ల రాత్రి ఆగాలె. మూడో దినం పొద్దున దిగుతరు. వాన పట్టిందంటె అది కూడ చెప్పలేం."

"మైనే బోలా థా, నేను చెప్పలే?" అన్నాడు ఖాజా, ఆ చీటీలు తానే రాసినట్టు.

ఇద్దరం సారు గదికి పోయాం. నేనే చెప్పాను. ఫోన్ చూపించి చిన్న అక్షరాలు చదివాను. ఈసారి విమానాశ్రయం అన్న మాట దగ్గర రెండుసార్లు తడబడ్డాను. ప్రవీణ్ సారు కుర్చీలోంచి లేచాడు. "అమ్మో! పోతుండె కద డబ్బ! ఎవరు పట్టిన్రు ఇది?"

"సత్తెమ్మక్కనే సారూ," అని ఆమె నాకన్నా ముందే అంది.

"నువ్వు గూడ రెండు దినాలు అన్నవ్ కదా?"

"నేను ఏదో అందాజకు అన్న సారూ. అక్క మల్ల సదివి సూసింది. తను చెప్పిన దాంట్ల తప్పు తనే పట్టుకొని వచ్చి చెప్పింది. గట్ల ఎవరు చెప్తరు?"

అందాజ కాదు. ఏళ్ళ తరబడి చీటీలు చూసి చెప్పిన మాట అది. నేను ఆ గదిలోనే ఉన్నాను. పెద్ద డబ్బాలో మందు పెట్టి టేపు వేసి వ్యాను ఆపింది ఈమె సారూ అని ఒక్క మాట అనాలి. నాలుక మీదికి వచ్చింది. సారు, "శభాష్ సత్తెమ్మా," అన్నాడు. ఆ మాట కింద నాలుక పడిపోయింది.

ఒకటో తారీఖున నీలం కోటు నాకు వచ్చింది. ఇస్మాయిల్‌ఖాన్‌పేటలో ఒడిబియ్యం పోశాను. అమ్మవారి మొహం చూడకుండా పోశాను.

నాలుగేళ్ళు వేసుకున్నాను ఆ కోటు. స్టూలు మీద కూర్చున్నాను. నా ముందు నుంచే ఆడవాళ్ళు ఐస్ ప్యాకులు పట్టుకుని ఆమె దగ్గరికి పోయేవాళ్ళు, చెవి దగ్గర పెట్టించుకోవడానికి. కోటు నాకు ఇచ్చారు, ఆమె చెవిని ఎవరిస్తారు?

డాక్టర్లు పని అయ్యాక కంపెనీకి ఒక ఫోటో పంపారు. అగత్తి విమానాశ్రయంలో దిగి తీసింది. సన్నటి రోడ్డులాగా నేల, రెండు పక్కలా నీలంగా సముద్రం, నడుమ మా పెద్ద డబ్బా పెట్టుకుని నలుగురు. నేను లీడర్‌ను కాబట్టి ఫోటో నా చేతికి వచ్చింది. అందరూ చూశారు. ఆమె చాలాసేపు చూసింది. చేతులు కోటుకు తుడుచుకుని మరీ పట్టుకుంది.

"అక్కా, ఇది నేనుంచుకోనా?" అంది.

"ఆఫీసుది. ఇయ్యరాదు," అని తీసుకున్నాను. అది ఆఫీసుది కాదు. ఎవరూ అడగలేదు. నా అల్మారాలో పెట్టి తాళం వేశాను.

తర్వాత రెండుసార్లు, "ఒక్కసారి సూపియ్యక్కా," అని అడిగింది. ఒకసారి తాళంచెవి ఇంట్లో ఉందన్నాను. ఇంకోసారి పని ఉందన్నాను. మూడోసారి అడగలేదు. నా మీద కోపంగా కూడా లేదు. బస్సులో నా పక్కనే కూర్చుని జామకాయ సగం కొరికి సగం ఇచ్చేది.

ఆమె ఎప్పుడూ విమానం ఎక్కలేదు. సముద్రం కూడా చూడలేదని ఆమె బిడ్డ చెప్పింది. కూడికకు పోయిన రోజు ఆ ఫోటో సంచిలో పెట్టుకునే పోయాను, బిడ్డకు ఇద్దామని. బిడ్డ మైకులో నన్ను పొగిడాక ఇవ్వలేకపోయాను. ఇస్తే ఎక్కడిదని అడుగుతుంది. రేపో ఎల్లుండో ఈ కాగితంతో కలిపి ఇచ్చి వస్తాను. బిడ్డ ఇది చదివాక నన్ను పెద్దమ్మా అంటుందో అనదో చూడాలి.

తల్లి చెప్పిందే నిజమని ఆ బిడ్డ నాతో వాదిస్తుంది. నా మాట ఒక్కటే సరిపోదు. రెండు దినాలు పడుతుంది, పెద్ద డబ్బా పెడదాం అని మొదట అన్నది ఆమె. ఆ శనివారం రెండు గంటల నలభై నిమిషాలకు ప్యాకింగ్ గదిలో ఉన్నవాళ్ళను అడగవచ్చు. సూపర్‌వైజర్ ప్రవీణ్ సారు. బాలమణి. స్వరూప. పెద్ద యాదమ్మ, చిన్న యాదమ్మ. జుబేదా. ఎస్తేరమ్మ. బీరంగూడ నుంచి వచ్చే పద్మ. అనసూయ. కవిత. లేబుళ్ళ బల్ల దగ్గర సుగుణ. వీళ్ళంతా విన్నారు.

నేనూ విన్నాను.